పదకొండుమంది ఆమనులు

నర్సమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. పేరు మార్పు దరఖాస్తు. సాక్షి సంతకం చేయాల్సిన చోట కూతురు పెన్సిల్‌తో చిన్న గుర్తు కూడా పెట్టి తెచ్చింది.

"ఆమని అన్న పేరుకేం తక్కువైందే?"

"తక్కువ కాలేదు, ఎక్కువైంది. కొత్త ఆఫీసులో నాతో కలిపి ముగ్గురం. స్కూల్లో ఐదుగురం. పొట్టి ఆమని, కళ్ళజోడు ఆమని, నేనేమో నర్సమ్మగారి ఆమని."

అబద్ధమేం కాదు. ఆ నాలుగు వీధుల్లో దాదాపు ఒకే ఈడు ఆమనులు పదకొండుమంది తేలతారు. ఈ ఘనకార్యం ఎవరిదయ్యా అంటే, ఈవిడదే. ఈవిడ నర్సుగా పనిచేసిన ప్రసూతి వార్డులో ఇంకా పేరు పెట్టని ఆడపిల్ల మణికట్టు పట్టీ మీద మంచం నంబరు, 'ఆడశిశువు' అన్న మాట రాయాలి. ఈవిడ మాత్రం నంబరు పక్కన ఆమని అని రాసేది. "మీకో పేరు కుదిరేదాకా ఇది ఉండనీండి" అనేది. మూడు రోజులు ఆ పేరుతో ముద్దాడాక ఏ తల్లికి మార్చబుద్ధవుతుంది? చాలామంది పట్టీ విప్పేసి పేరు ఉంచేసుకున్నారు.

"అందరికీ పంచగా మిగిలింది నాకు పెట్టావు," అంది కూతురు. "పోనీ, నువ్వైనా ఏనాడైనా అలా పిలిచావా? ఎప్పుడు చూసినా అమ్మడూ అమ్మడూ అనేగా."

నర్సమ్మగారికి మనసు చివుక్కుమంది.

"ముందు నీకే పెట్టామే. ప్రెస్సులో క్యాలెండరు అచ్చేస్తుంటే మీ నాన్న కళ్ళ పడిందట ఆ మాట. పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పారు. ఆమని అంటే వసంతం. నువ్వేమో నడి వానాకాలంలో పుట్టావు. మీ అమ్మమ్మ ఊరుకుంటుందా, గొడుగని పెట్టండి సరిపోతుంది అంది."

కూతురు నవ్వాపుకోలేకపోయింది. తల్లి నవ్వలేదు.

"నీకు రెండో నెల నిండకుండానే డ్యూటీకి రమ్మన్నారు. మొదటిరోజు పట్టీ రాస్తుంటే చెయ్యి దానంతటదే నీ పేరు రాసేసింది. కొట్టేయబుద్ధి కాలేదు. ఆ పేరు పిలుస్తుంటే నువ్వు నా దగ్గరే ఉన్నట్టుండేది. అంతే. తప్పే చేశాను."

"మరి ఇంట్లో?"

"ఇంటికొచ్చి గుమ్మంలోంచే పిలిచేదాన్ని. నువ్వు అమ్మమ్మ భుజంలో మొహం దాచుకునేదానివి. వార్డులో పసిగుడ్లు కూడా నా గొంతు వింటే ఏడుపాపేవాళ్ళు. నా పిల్ల మాత్రం పలకదు. కొన్నాళ్ళకి పిలవాలంటేనే భయమేసింది. అమ్మమ్మ అన్నట్టు అమ్మడూ అంటే వచ్చేదానివి. అదే అలవాటైంది."

ఆ మాట అనేసి ఆవిడ కాగితం దగ్గరికి లాక్కుని గుర్తు పెట్టిన చోట సంతకం చేసేసింది. "ఇదిగో. నీ పేరు, నీ ఇష్టం."

కూతురు కాగితం అందుకోలేదు. కుర్చీ తల్లి పక్కకి జరుపుకుని కూర్చుంది.

"ఇప్పుడు పిలువమ్మా," అంది. "పలుకుతాను."

నర్సమ్మగారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "ఆమనీ" అంది.