మూడు చోట్ల దాచిన అమ్మ గొంతు

అమ్మ బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పేది. పోయి పదకొండేళ్లయింది. ఆనాటి టేపులన్నీ బస్సుల ఆఫీసువాళ్లు ఈమధ్య వెబ్‌సైటులో పెట్టారు. పేర్లు లేవు, తేదీలు లేవు, నాలుగు వేల ముక్కలు. రెండు రోజులు వెతగ్గా వెతగ్గా మొన్న ఒకదానిలో అమ్మ దొరికింది. "మూడో ప్లాట్‌ఫారం" అనబోతూ నవ్వాపుకుంది. ఆ నవ్వు నాకు తెలుసు.

ఈరోజు పదకొండింటికి నాన్నకు ఆపరేషను. కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమదానిలో కణితి తీస్తే అదీ వినపడదని డాక్టరు ముందే చెప్పేశాడు.

"అయితే ఒకసారి మీ అమ్మని వినిపించు" అన్నాడు నాన్న, మంచినీళ్లడిగినట్టు.

నేను ఏదీ ఒక్కచోట దాచను. ఫోన్‌లో బుక్‌మార్క్ పెట్టుకున్నాను, నాకు నేనే మెసేజి పంపుకున్నాను, వంటింటి డైరీలో ఆ పేజీ చిరునామా చుక్క పొల్లుపోకుండా రాసుకున్నాను. పొద్దున ఆసుపత్రి మంచం పక్కన తెరిస్తే మూడూ సైటు మొదటి పేజీకే తీసుకెళ్లాయి. అందులో ముక్కలు తెరిచినప్పుడల్లా పేకముక్కల్లా కొత్త వరసలో వస్తాయి.

ఆ సైటు తయారుచేసింది మా మరిదే. ఫోన్ చేశాను.

"ఏది నొక్కినా పేజీ మారదు వదినా, లోపలి సరుకే మారుతుంది. అందుకే అంత స్పీడు."

"మరి చిరునామా?"

"అదీ మారదు."

"వీధి పేరిచ్చి ఇంటి నంబరివ్వలేదన్నమాట. పోనీ నేనేది విన్నానో అందులో ఎక్కడా ఉండదా?"

"ఉండదు. రాసిపెట్టమని నేనే చెప్పలేదు దానికి. ఒక్క గంట టైమివ్వండి."

పదింటికల్లా చేసేశాడు. ఏ ముక్క తెరిచినా చిరునామా చివర దాని నంబరొచ్చి కూర్చుంటోంది.

"ఇక దొరికింది పోదు వదినా."

"పోయింది దొరకాలిగా నాయనా."

"నేనూ వెతుకుదును. మీ అమ్మగారి గొంతు నేనెప్పుడూ వినలేదే!"

ఇయర్‌ఫోన్ ఒకటి నాన్న చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టి నొక్కుతూ పోయాను. ఎవరో ముసలాయన. తర్వాత ఉత్త గరగర. తర్వాత ఒక ఆడగొంతు. నాన్న లేచి కూర్చున్నాడు.

"ఈవిడ కాదు. ఈవిడ మీ అమ్మతో ఫ్యాను కోసం పోట్లాడిన మనిషి."

నర్సు స్ట్రెచర్ తెచ్చింది. నాన్న ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు.

"ఎన్నయ్యాయి?"

"నలభై ఒకటి."

"ఎక్కడ ఆపావో గుర్తుపెట్టుకో."

బుక్‌మార్క్ పెట్టాను. తలుపులు మూసుకున్నాక తెరిచి చూశాను. ఈసారి సరిగ్గా అక్కడే తెరుచుకుంది. ఎవరిదో మగగొంతు, ఏడుంపావు బస్సు రద్దయిందని చెబుతోంది.