మూత తీయకూడని ఆదివారం

తాళాలాయన ముప్ఫై ఏళ్లుగా మూసుకుపోయినవాటిని తెరుస్తున్నాడు. తలుపులు, బీరువాలు, కార్ల డిక్కీలు, ఒకసారి బాత్రూములో ఇరుక్కుపోయిన ఒక లాయరు. మూసి ఉన్నదాన్ని చూస్తూ చేతులు ముడుచుకుని కూర్చోవడం ఆయన ఒంటికి పడదు. ఆ ఆదివారం ఆయన చేయవలసిన పని సరిగ్గా అదే.

పొద్దున్న అయిదుకే వంటగదిలో నిలబడ్డాడు. ఒంటిగంటకు తమ్ముడు భోజనానికి వస్తాడు. తమ్ముడు గోడలకు రంగులు వేసే మనిషి. ఆరు వారాల కిందట నిచ్చెన మీద నుంచి పడి దవడ విరగ్గొట్టుకున్నాడు. డాక్టర్లు పై పళ్లనూ కింది పళ్లనూ కలిపి తీగలతో కట్టేశారు. ఆరు వారాలూ స్ట్రాతో సూపు తాగాడు. మొన్న శుక్రవారం తీగలు తీశారు. దవడకు ఇంకా బలం రాలేదు, మాంసం పెడితే నాలుకతో విడిపోయేలా ఉండాలి అన్నారు.

అన్నదమ్ములకు అంతకుముందు మూడేళ్లుగా మాటల్లేవు. తాళాలాయన భార్య పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి చనిపోయింది. ఆ పదకొండు రోజుల్లో తమ్ముడు ఒక్కసారీ రాలేదు. ఆఖరి చూపుకీ రాలేదు. పెళ్లి కాకముందు పదేళ్లు ఆవిడ చేతి కూడు తిన్నవాడు. తాళాలాయన ఆ సంగతి మింగనూ లేదు, కక్కనూ లేదు.

కక్కడానికి ఆరు వారాలు దొరికాయి. దవడ విరిగిందని మరదలు, తమ్ముడి భార్య, ఫోన్ చేస్తే వెళ్లాడు. నోరు కట్టేసి ఉన్న తమ్ముణ్ణి చూడగానే ఆయన నోరు తెరుచుకుంది. రోజూ కొట్టు కట్టేసి వెళ్లడం, మంచం పక్కకు కుర్చీ లాక్కోవడం, మొదటి నుంచీ ఎత్తుకోవడం. "గోడకున్నంత చెమ్మ లేదురా నీకు" అనేవాడు. తమ్ముడు పలక తీసుకుని ఏదో రాసి చూపిస్తే, "కళ్లద్దాలు తేలేదు" అనేవాడు. కళ్లద్దాలు జేబులోనే ఉండేవి.

ఆఖరి రోజు తమ్ముడు పలక నిండా పెద్ద పెద్ద అక్షరాలు రాశాడు. 'వదిన చేసే పక్కటెముకలు.' అంతంత అక్షరాలకు కళ్లద్దాల సాకు కుదరలేదు.

"ఆదివారం రా" అన్నాడు తాళాలాయన.

ఆ మాట అన్నాకే తట్టింది. ఆదివారానికి వాడికి నోరొస్తుంది. ఆరు వారాలు పడ్డవాడు ఊరుకుంటాడా? అనాల్సింది అనేసి వెళ్లాడంటే ఇక ఈ గుమ్మం తొక్కడు, ఆ గుమ్మం తొక్కనివ్వడు. తాళాలాయనను అన్నయ్యా అని పిలిచే మనిషి భూమ్మీద మరొకడు లేడు.

స్లో కుక్కర్ భార్యది. సన్నటి సెగ మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుక్కర్. బరువైన పింగాణీ గిన్నె, పైన గాజు మూత. మూడేళ్లుగా అటక మీదే ఉంది. "ఎనిమిది గంటలు ఉడికితే చెప్పులైనా మెత్తబడతాయి, ఇందులో నీ గొప్పేముంది" అని ఆవిణ్ణి వెక్కిరించేవాడు. "అయితే రేపు మీ చెప్పులే పడేస్తాను" అనేది ఆవిడ.

పక్కటెముకల మాంసం పలకను బోర్లించి, ఎముకల వైపున్న పల్చటి పొరను చెంచా తోకతో లేపాడు. గుడ్డతో పట్టుకుని లాగాడు. ఆ పొర ఉండిపోతే ఎంత ఉడికినా నోట్లో రబ్బరే. తాళాల్లో వెంట్రుకంత స్ప్రింగులు సర్దిన చేతులకు అదొక పని కాదు. ఒక్క లాగుకు మొత్తం ఊడి వచ్చింది. ఉప్పు, కారం, వెల్లుల్లి, బెల్లం పొడి కలిపి పట్టించాడు. పలకను మూడు ముక్కలు చేసి గిన్నె గోడ వెంట నిలబెట్టాడు. టమాటా గుజ్జు, వెనిగరు, ఆవపిండి కలిపిన సాస్ పైన పోశాడు. మీట తక్కువ సెగ మీదకు తిప్పి మూత పెట్టాడు.

ఆరింటికి మరదలు ఫోన్ చేసింది.

"నీళ్లు పోయలేదు కదా బావగారూ?"

"లేదమ్మా."

"మూత తీయకండి. తీసినప్పుడల్లా అరగంట వెనక్కి పోతుంది. అక్క అయితే మూత మీద ఇస్త్రీపెట్టె పెట్టేది, మీ చెయ్యి పడకుండా."

"నేనేం చంటిపిల్లాణ్ణా?"

ఆరున్నరకు తీశాడు, సెగ తగులుతోందో లేదో చూడాలి కదా అని. ఏడున్నరకు తీశాడు, ఇందాక మూత సరిగా పెట్టానో లేదో అని. ఆ తర్వాత ఏ కారణమూ చెప్పుకోలేదు.

ఒంటిగంటకు తలుపు తీశాడు. తమ్ముడు సగమయ్యాడు. చొక్కా కొక్కేనికి తగిలించినట్టుంది.

"అన్నయ్యా" అన్నాడు. గొంతు తుప్పు పట్టిన తలుపు బందులా కిర్రుమంది.

"లోపలికి రా" అన్నాడు తాళాలాయన, వీధి వైపు చూస్తూ.

మరదలు నేరుగా వంటగదిలోకి వెళ్లి ఫోర్కుతో గుచ్చి చూసింది. మాంసం ఎముకను కరుచుకునే ఉంది.

"ఎన్నిసార్లు తీశారు?"

"ఒక్కసారి."

తమ్ముడు గట్టు వైపు వేలు చూపించాడు. మూత తీసి బోర్లించిన చోటల్లా సాస్ గుండ్రంగా అంటుకుని ఎండిపోయింది. వేలితో ఒక్కొక్కటే తాకుతూ పోయాడు.

"ఆరు" అన్నాడు.

"ఇంకో మూడు గంటలు పడుతుంది" అంది మరదలు. "నేను బజారుకెళ్లి బ్రెడ్డూ పళ్లూ తెస్తాను. ఏమండీ, మీరు ఆ కుక్కర్ పక్కనే కూర్చోండి. మీ అన్నయ్యను నమ్మొద్దు." సంచి పట్టుకుని వెళ్లిపోయింది.

ఇద్దరే మిగిలారు. కుక్కర్ మూత మీద ఆవిరి చుక్కలు జారుతున్నాయి. తాళాలాయన ఎదురుగా కూర్చున్నాడు.

"అను" అన్నాడు.

"ఏమని?"

"ఆరు వారాలు నేనన్నాను కదా. ఇప్పుడు నువ్వను."

తమ్ముడు దవడ నిమురుకున్నాడు. "రోజూ వచ్చాను."

"ఎక్కడికి?"

"ఆసుపత్రి ఎదురు బిల్డింగు. మూడో అంతస్తు. అప్పుడు నాకు అక్కడే పని." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "మీ కిటికీ కనిపించేది. నువ్వు వదిన జుట్టు దువ్వేవాడివి. కొసల నుంచి, చిక్కు తగలకుండా."

ఆ సంగతి ఇంకో మనిషికి తెలుసని తాళాలాయన ఎన్నడూ అనుకోలేదు.

"రోడ్డు దాటితే ఆసుపత్రి కదరా."

"కాళ్లు రాలేదు. వదినను అలా చూసి... రేపు వెళ్దాం, రేపు వెళ్దాం అనుకున్నా. అయిదో రోజు నువ్వు కర్టెన్ లాగేశావు. నన్ను చూసే లాగావనుకున్నా."

"కర్టెన్ వేస్తే తలుపు లేదా?"

"ఉంది."

"మరి?"

"తప్పే. నాదే."

ఏదో ఒక సాకు చెప్పి ఉంటే తాళాలాయనకు హాయిగా ఉండేది. దాన్ని ముక్కలు చేసి పారేసేవాడు. తప్పు ఒప్పుకున్నవాణ్ణి ఏం చేయాలో తోచలేదు. చెయ్యి దానంతటది మూత మీదకు వెళ్లింది.

తమ్ముడు మణికట్టు పట్టుకున్నాడు. "అన్నయ్యా, వద్దు."

తాళాలాయన చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. మూడేళ్లుగా ఎవరికీ చెప్పనిది ఒకటుంది.

"ఆ అయిదో రోజు" అన్నాడు, "మీ వదిన కిటికీ వైపు తిరిగి పడుకుంది. 'ఎదురుగా నిచ్చెన మీద మనిషి మన రంగులవాడిలా లేడూ' అంది. 'వాడికంత తీరికెక్కడిది' అన్నాను నేను. ఎండ కళ్లలో పడుతోందని కర్టెన్ లాగేశాను. ఆవిడ మళ్లీ అడగలేదు."

"చూసిందా?"

"చూసింది. గుర్తుపట్టింది. కాదన్నది నేను."

తమ్ముడు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. భుజాలు ఒకసారి కదిలి ఆగాయి. గోడ మీద చెయ్యి పెట్టి, పనివాడు చూసినట్టు పైనుంచి కిందకు తడిమాడు.

"ఈ గోడకి చెమ్మ పట్టింది" అన్నాడు.

"పట్టింది. మూడేళ్లయింది."

"వచ్చే ఆదివారం వచ్చి గీకుతాను. ఆరాక రంగు వేస్తాను."

"నిచ్చెన ఎక్కొద్దు" అన్నాడు తాళాలాయన. "పైన నేను గీకుతాను."

మరదలు వచ్చేసరికి నాలుగైంది. మూత తీయడానికి ఇద్దరిలో ఎవరూ లేవలేదు. ఆవిడే తీసింది. తాళాలాయన పటకారుతో ఎముక కొస పట్టుకుని లాగాడు. ఎముక ఒక్కటే వచ్చింది, తెల్లగా, కడిగినట్టు. మాంసం ఉన్నచోటే ఉండిపోయింది. ముక్కల మీద మరింత సాస్ పూసి ఓవెన్లో పది నిమిషాలు పైసెగ చూపించారు. అంచులు నల్లబడి ఇల్లంతా వాసన కమ్మింది.

తమ్ముడు మొదటి ముక్క నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. దవడ కదిలీ కదలనట్టు కదిలింది.

"ఎలా ఉంది?"

"చెప్పుల్లా లేదు."

మరదలు పకపకా నవ్వింది. ఆ వెక్కిరింత ఆ ఇంట్లో అందరూ ఎరిగినదే.

క్షమించాడా అంటే లేదు. తాళాలాయన తమ్ముణ్ణి గానీ తనను గానీ అంత తొందరగా వదిలే మనిషి కాడు. కానీ రెండో ముక్క ఆయనే వడ్డించాడు. కొంచెం గట్టిగా కనిపించిన వైపు తన పళ్లెంలోకి తీసుకున్నాడు.

వాళ్లు వెళ్లాక గట్టు మీది గుండ్రటి మరకలు తుడుస్తుంటే, కుక్కర్ పక్కన టేపు చుట్ట ఒకటి కనిపించింది. రంగు వేసే ముందు కిటికీ అంచులకు అంటించేది. తమ్ముడి జేబులో ఎప్పుడూ ఉండేదే. దాని మీద పెన్సిలుతో రాసి ఉంది. తాళాలాయన జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని చదివాడు.

'మూతకి. వచ్చే ఆదివారం.'

టేపును కడిగి తుడిచిన కుక్కర్ గిన్నెలో పెట్టి, మూత మూశాడు. అటక ఎక్కించలేదు.