కుట్లు లేని కాన్పు

మా పెద్ద తోడికోడలూ నేనూ ఒకే టైలరింగ్ షాపులో పక్కపక్క మిషన్ల మీద కుడతాం. నా పెద్దదాన్ని ఆపరేషన్ చేసి తీశారు. అప్పట్నుంచీ ఆవిడ, బట్టలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్లతోనూ, "మా చెల్లిది కోసి కుట్టిన కాన్పు. నాకు రెండూ నార్మలే," అనేది. పైకి నవ్వేదాన్ని గానీ, కడుపు మండిపోయేది.

రెండోసారి నెల తప్పగానే, ఈసారి నార్మలే కావాలని డాక్టరమ్మను పట్టుకుని వదల్లేదు. పాత కుట్టు గట్టిగానే ఉందని, కనిపెట్టుకుని ఉండి ప్రయత్నిద్దామని, తేడా వస్తే మళ్లీ ఆపరేషనేనని ఆవిడ చెప్పింది. పగలంతా నొప్పులు పడ్డాను. నర్సు "గట్టిగా ముక్కమ్మా" అన్నప్పుడల్లా నాకు దేవుడు గుర్తుకు రాలేదు, తోడికోడలి మొహమే కనిపించింది. ఆ కోపంతోనే కన్నాను.

సాయంత్రం ఆవిడ వార్డుకొచ్చింది.

"నార్మలే అక్కా," అన్నాను, అడక్కుండానే.

ఆవిడ మొహం మాడిపోయింది. "కింద కుట్లు పడ్డాయా?" అంది.

"నాలుగు పడ్డాయి."

"నాకు ఒక్కటీ పడలేదులే," అంటూ తీరిగ్గా బిడ్డను ఎత్తుకుంది.

పచ్చి బాలింతను. పక్కకు తిరగాలంటేనే ప్రాణం పోతోంది. అయినా అప్పుడే మూడో కాన్పు గురించి ఆలోచించడం మొదలుపెట్టాను.