మడుగు ఒడ్డున చెట్టులేని చోటు

మా తమ్ముడు ఇంటిని ముందు కాగితం మీద గీయడు, నేల మీద గీస్తాడు. మేకులు దిగ్గొట్టి, వాటికి తాడు చుట్టి, గుమ్మం రావాల్సిన చోట ఖాళీ వదిలేస్తాడు. ఆ తర్వాత ఎవరైనా సరే ఆ ఖాళీలోంచే లోపలికి వెళ్ళాలి. పొరపాటున తాడు దాటామా, "గోడలోంచి నడుస్తావేంటక్కా!" అని కసురుకుంటాడు.

పేరున్న ఆర్కిటెక్టు ఆఫీసులో వాడికి ఇన్నేళ్ళూ దక్కింది బాత్‌రూములే. ఇల్లు ఎవరిదైనా, పెద్ద గదులన్నీ పెద్దవాళ్ళు గీసుకునేవాళ్ళు, బాత్‌రూములు మావాడి మూల బల్ల మీదికి వచ్చిపడేవి. నెత్తిన ఏసీ గాలి, కాళ్ళ దగ్గర టైల్సు శాంపిళ్ళ అట్టపెట్టెలు. ఒకరోజు ఆ బల్ల ఖాళీ చేసేసి వచ్చి, "అక్కా, నాకో స్థలం దొరికింది" అన్నాడు. సముద్రం పక్కన మడుగు, మడుగు చుట్టూ అడవి, రోడ్డు కూడా సరిగా లేదు. ఒక్క చెట్టు కొట్టకుండా, సిమెంటు ముట్టకుండా, చెక్కా వెదురూ మట్టీతో చిన్న చిన్న ఇళ్ళు కడతాడట. అడవిని అడవిలాగే ఉండనిచ్చి మనుషులకి చూపిస్తాడట. వాడి భార్య పళ్ళు నూరుతూనే ఒప్పుకుంది. ఇక మిగిలింది నేను.

డబ్బు నాది, కల వాడిది. నా ఫ్లాట్ అమ్మిన సొమ్ముంది. నేను సంతకం పెడితే వాడి బతుకు ఇప్పటికైనా మొదలవుతుంది, లేకపోతే ఆ మూల బల్లకే తిరిగి వెళ్ళాలి. నిజం చెప్పొద్దూ, పెట్టకూడదనే బయలుదేరాను. రిటైరయ్యేదాకా నేను వాననీటి కాలువల ఇంజనీరుని. ఎటు పొమ్మంటే నీళ్ళు అటు పోయాయి, మనుషులే నా మాట వినలేదు. కలలు కనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట, అందులోనూ ఇంట్లోవాళ్ళయితే మరీ.

స్థలం ఒక డాక్టరమ్మది. ఆవిడ భర్త ఎప్పుడో ముచ్చటపడి కొన్నాడు, ఆయన పోయాక ఆవిడ ఇటు తొంగి చూడలేదు. ఆ పొద్దున మాతోపాటు వచ్చి, చెట్టు నీడలో మడతకుర్చీ వేసుకుని, అగ్రిమెంటు కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అంతకుముందు కొన్నాళ్ళు ఎడతెగని వాన. మడుగు అంచుల దాకా నిండి, గాలి కూడా లేక, ఆకాశాన్ని తనలో పెట్టుకుని కదలకుండా ఉంది. ఎంత అందంగా ఉందో అనుకున్నాను. అంత నిండుగా ఎందుకుందో అనుకోవాల్సింది, అనుకోలేదు.

స్థలమంతా చెట్లే. వేళ్ళు నీళ్ళలోకి దింపుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. ఒక్కచోట మాత్రం, మడుగు నుంచి సముద్రం దాకా, వెడల్పాటి ఇసుక నేల. తుడిచి పెట్టినంత నున్నగా ఉంది, మొక్కన్నది లేదు.

"చూశావా అక్కా! నాకోసమే ఉంచినట్టుంది. ఒక్క కొమ్మ కూడా విరవక్కర్లేదు."

నేనూ తలూపాను. చెట్టు మీద చెయ్యి వేయకూడదని ఒట్టేసుకున్నవాడికి చెట్టులేని చోటు కనబడితే ఇంకేం కావాలి? అక్కడ చెట్టెందుకు లేదని వాడూ అడగలేదు, నేనూ అడగలేదు. చకచకా తాళ్ళ ఇళ్ళు లేచాయి. మధ్యాహ్నానికల్లా బుల్లి పేట తయారైంది. నన్ను ఒక్కో గుమ్మంలోంచి తీసుకెళ్ళి, ఇది పడకగది, ఇది నీ కిటికీ, పొద్దున్నే లేవగానే నీకు నీళ్ళు కనబడతాయి అని చూపిస్తుంటే, వాడి ముఖం చిన్నప్పటిలా వెలిగిపోతోంది. నా మనసు కరిగింది. సంతకం పెట్టేద్దాం, పోనీ, అనుకున్నాను.

అలా అనుకుంటూ వంటింట్లో నిలబడి ఉండగా కాలికి తడి తగిలింది.

నాగలి గీసినట్టు, వేలెడంత నీటి చాలు. మడుగు వైపు నుంచి వచ్చి, తాడు కింద దూరి, నా పాదం పక్కగా సముద్రం వైపు వెళ్తోంది.

"వంటింట్లోకి నీళ్ళు కూడా వచ్చేశాయి, ఇంకేం!" అని నవ్వాడు తమ్ముడు.

అలవాటు కొద్దీ కాలితో ఇసుక తోసి అడ్డం కట్టాను. నీళ్ళు ఆగాయి, కాస్త పొంగాయి, పక్కనుంచి వెళ్ళాయి. మళ్ళీ కట్టాను, ఈసారి నా కట్టే పోయింది. వంగి చూశాను. చాలు అడుగున ఇసుక రేణువులు పరిగెడుతున్నాయి. చూస్తుండగానే లోతవుతోంది, అంచులు విరిగి పడుతున్నాయి. అప్పుడు తలెత్తి, నిండిన మడుగునీ, కింద ఎక్కడో ఉన్న సముద్రాన్నీ ఒక్కసారి కలిపి చూశాను. మడుగు దారి తెరుచుకుంటోంది.

"పరిగెత్తరా!"

"ఏమైందక్కా? నా తాళ్ళు..."

"నీ తాళ్ళు తగలెయ్య, చెట్ల వైపు పద!"

డాక్టరమ్మని చెరోవైపూ పట్టుకుని మెరక మీదికి ఎక్కించాం. వెనక్కి తిరిగి చూసేసరికి చాలు కాలువైంది, కాసేపటికి కాలువ ఏరైంది. ఇసుక గోడలు గోడలుగా కూలిపోతోంది. మా పేటలో ఇళ్ళు ఒక్కొక్కటే వంగి, మేకులతో సహా కొట్టుకుపోయాయి. నిద్రపోతున్నట్టున్న మడుగంతా కదిలింది. ఎర్రటి నీళ్ళు మనిషెత్తు అలలై, అక్కడే లేస్తూ అక్కడే పడుతూ, హోరుమంటూ సముద్రంలోకి దిగాయి. సముద్రం వెనక్కి తోసింది. రెండూ తలపడిన చోట తెల్లటి నురుగు లేచింది. కాళ్ళ కింద నేల వణికింది. ఎక్కడి నుంచి వచ్చాయో, ఆకాశం నిండా పక్షులు. నీళ్ళలో చేపలు వెండిలా ఎగురుతున్నాయి, కొన్ని సముద్రంలోకి పోతుంటే కొన్ని ఆ వడికి ఎదురీది లోపలికి వస్తున్నాయి.

జీవితమంతా నీళ్ళతోనే పనిచేశాననుకున్నాను. నేను చూసినవి గొట్టాల్లోంచి కారే నీళ్ళేనని, అసలు నీళ్ళని చూడటం అదే మొదటిసారని తెలిసింది. భయమేసింది. ఆ భయంలోనే ఎంత సంతోషమో చెప్పలేను. దణ్ణం పెట్టాలనిపించి, తమ్ముడు చూస్తాడేమోనని చేతులు కట్టుకున్నాను.

"మా ఆయన అంటుండేవారు," అంది డాక్టరమ్మ ఆ హోరులో గొంతు పెంచి. "ఈ మడుగు తలుపు తీసుకుని సముద్రానికి వెళ్ళొస్తుందోయ్ అని. వేళాకోళమనుకున్నాను." కళ్ళద్దాల మీద తుంపర పడింది, తుడుచుకోలేదు. ఆ తర్వాత అసలు మాట చెప్పింది. "మీరు వద్దంటే ఇంకో పార్టీ ఉంది. హోటలు వాళ్ళు. వాళ్ళకీ ఈ ఖాళీ జాగానే కావాలట. రాళ్ళు పోయించి ఎత్తు చేసుకుంటామన్నారు. వాళ్ళెందుకలా అన్నారో ఇప్పుడర్థమైంది."

తమ్ముడు తడి నేల మీద కూలబడ్డాడు. కట్టడానికి ఇక చోటు లేదు. చెట్లు కొట్టాలి, లేదా ఈ దారి మూయాలి.

"అక్కా," అన్నాడు, నావైపు చూడకుండా. "దీన్ని నువ్వు ఆపగలవా?"

ఆపగలను. వాడు అడగకముందే నా బుర్ర ఆ పని చేసేసింది, పాడు అలవాటు. రాళ్ళు ఎక్కడ పొయ్యాలో, తూము ఎక్కడ పెట్టాలో, మడుగుని ఏ మట్టంలో పట్టి ఉంచాలో అంతా కళ్ళకి కట్టింది. పెద్ద కష్టం కూడా కాదు. ఊ అంటే వాడి ఇళ్ళు లేస్తాయి. వాడి ముఖంలో పొద్దుటి వెలుగు మళ్ళీ వస్తుంది. నా చేతకానిదంటూ ఏదీ లేదని బతుకంతా గొప్పలు పోయినదాన్ని.

"నా వల్ల కాదురా," అన్నాను.

వాడు కళ్ళు మూసుకున్నాడు. ఏడుస్తాడనుకున్నాను.

"అమ్మయ్య!" అన్నాడు. "ఆపుతానంటావేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నా."

"మరి నీ ఇళ్ళో?"

"ఇంకెక్కడైనా చూద్దాం. దొరక్కపోతే వెళ్ళి పాత సీటు అడుక్కుంటా. ఇస్తార్లే."

ఆ "ఇస్తార్లే" వినలేకపోయాను. అటు డాక్టరమ్మ కాగితాలు సంచిలో సర్దుకుంటోంది.

"అయితే హోటలు వాళ్ళకే చెప్పమంటారా?" అంది, గొంతులో నీరసం దాచుకోకుండా.

"ఎవరికీ చెప్పక్కర్లేదు. కాగితాలు ఇటివ్వండి. పెన్నుందా?"

తమ్ముడు దిగ్గున లేచాడు. "ఎందుకక్కా? ఇక్కడేం కడతాం?"

"ఏమీ కట్టం. కొని, వదిలేస్తాం. నా డబ్బు, నా ఇష్టం."

కారు బానెట్ మీద కాగితాలు పరిచాను. హోరు ఇంకా తగ్గలేదు. వాడు వచ్చి కాగితం అంచులు గాలికి లేవకుండా రెండు చేతులతో నొక్కిపట్టాడు.

"ఆపగలవని నాకు తెలుసక్కా," అన్నాడు మెల్లగా, నా చెవిలో.

"నోర్ముయ్యరా," అని, కళ్ళు తుడుచుకుని, తర్వాతి పేజీ మీద సంతకం పెట్టాను.