ఏప్రిల్‌లోనే సంతకం

ఆ వేసవిలో అమెరికా పడమటి కొసన మా హార్లన్ ఊళ్ళో ఎక్కడ ఇద్దరు కలిసినా ఒకటే మాట. తూర్పు తీరపు పెద్ద కాన్ఫరెన్స్‌లోకి, అంటే జట్లు తమలో తాము పోటీలు ఆడుకునే ఆ కూటమిలోకి, ఏ యూనివర్సిటీలు పోతాయి? రేడియోలో రోజుకో జాబితా చదివేవారు. మా యూనివర్సిటీ పేరు ఒకరోజు మూడోది, ఇంకోరోజు తొమ్మిదోది.

జూన్‌లో మా స్పోర్ట్స్ డైరెక్టర్ గ్రేడీ ప్రూయిట్ కోచ్‌లందరినీ కూర్చోబెట్టాడు. "మనం ఎక్కడికీ పోవడం లేదు. పిల్లల తల్లిదండ్రులు అడిగితే ఇదే చెప్పండి" అన్నాడు.

మా వాలీబాల్ కోచ్ లోర్నా హ్యాడ్లీ ఆ మాట నమ్మింది. ఆవిడకు నేను అసిస్టెంటుని. ఇద్దరం కారులో ఉరుటియా వాళ్ళింటికి వెళ్ళాం. స్పెయిన్ కొండల నుంచి వలస వచ్చి గొర్రెలు పెంచే బాస్క్ కుటుంబం. తండ్రి బెన్యాట్‌కు పక్షవాతం. విమానం ఎక్కకూడదన్నారు డాక్టర్లు. వాలీబాల్ బాగా ఆడే కూతురు ఇనేస్ కోసం వేరే కాలేజీల కోచ్‌లు ఎందరో వచ్చారు. ఆ పిల్ల మాత్రం, నాన్న కారులో వచ్చి చూడగలిగే చోటే ఆడతానంది.

మాకు మాంసం కూర వడ్డిస్తూ తల్లి మయీతే అడిగింది. "నాలుగేళ్ళూ మ్యాచ్‌లు ఇటువైపేనా?"

"ఇటువైపే. మాటిస్తున్నాను" అంది లోర్నా.

ఆగస్టులో ఇనేస్ చేరింది. రెండో వారం ప్రాక్టీసు మధ్యలో అమ్మాయిల ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. వచ్చే ఏడాది నుంచి మేం తూర్పు కాన్ఫరెన్స్‌లో ఆడతామట. న్యూజెర్సీ, మేరీలాండ్, ఒహాయో. ఇనేస్ బంతి కింద పెట్టి బయటికి నడిచింది.

లోర్నా విజిల్ మెడలో ఉండగానే డైరెక్టర్ గదికి వెళ్ళింది. వెనకే నేను.

"మంగళవారం విమానమెక్కి మూడు వేల మైళ్ళు పోయి, గురువారం ఉదయం క్లాసులో కూర్చోవాలా నా పిల్లలు?"

"ఇది ఫుట్‌బాల్ కోసం లోర్నా. టీవీ వాళ్ళకు కావలసింది ఫుట్‌బాలే. నిద్ర లేకుండా తిరిగి ఏప్రిల్‌లోనే సంతకం పెట్టించాను, నువ్వేమో..."

"ఏప్రిలా?"

అతను బల్లమీద కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు.

"జూన్‌లో నాతో ఏం చెప్పించావు గ్రేడీ?"

"నిజం చెబితే ఒక్క పిల్ల అయినా వచ్చేదా?"

శుక్రవారం స్టేడియంలో సంబరం పెట్టారు. కోచ్‌లందరూ కొత్త కాన్ఫరెన్స్ టోపీలు పెట్టుకుని తలా రెండు ముక్కలు మాట్లాడాలి. లోర్నా టోపీ పెట్టుకోలేదు. మైకు పట్టుకుని, "జూన్‌లో ఒక జబ్బు మనిషి ఇంట్లో భోంచేసి అబద్ధం చెప్పాను. నాకు తెలియక చెప్పాను. చెప్పించినవాడికి తెలుసు. ఇదిగో, ఇక్కడే కూర్చున్నాడు" అంది. బ్యాండు వాళ్ళు వాయించడం మొదలుపెట్టి ఆవిడ గొంతు ముంచేశారు.

ఆవిడను మూడు వారాలు సస్పెండ్ చేశారు. ప్రూయిట్‌కు ఉద్యోగం ఇంకో ఐదేళ్ళు పొడిగించారు.

సంబరం మర్నాడే మళ్ళీ ఉరుటియా వాళ్ళింటికి వెళ్ళాం. మయీతే గుమ్మంలోనే నిలబడింది.

"మీకు తెలియదా?"

"ఒట్టు. తెలియదు."

"తెలుసుకోవలసింది. మా ఆయన క్యాలెండర్‌లో నాలుగేళ్ళ మ్యాచ్‌లు లెక్క వేసుకున్నాడు. మీ పేరు చూసి పంపాం గానీ ఆ డైరెక్టర్ ఎవడో మాకు తెలుసా?"

లోపల కుర్చీలో బెన్యాట్ మా వైపు తిరగలేదు. మయీతే తలుపు వేసింది.

దారి పొడుగునా లోర్నా స్టీరింగ్‌ను అరచేత్తో కొడుతూనే ఉంది. "ఆవిడ అన్నది నిజం. అడగవలసింది. ఒక్కసారి గట్టిగా అడగవలసింది."

ఇనేస్ డిసెంబరులో వాళ్ళ ఇంటికి దగ్గర్లోని చిన్న కాలేజీకి మారిపోయింది. లోర్నా కోచ్‌గానే ఉంది, కానీ ఏ పిల్ల ఇంటికీ వెళ్ళదు. నన్ను పంపుతుంది. ఎన్నేళ్ళు ఎక్కడ ఆడతామని తల్లులు అడిగితే, నాకు తెలియదనే చెబుతాను. సగం మంది ఇక వెళ్ళమన్నట్టు అక్కడే లేచి నిలబడతారు. వాళ్ళమీద నాకు కోపం రాదు.