నేల అంతస్తు గది

పిచ్చుక తండ్రిది పెళ్లి సంబంధాలు కుదిర్చే వృత్తి. నత్తి ఉన్న వరుణ్ణి ఆచితూచి మాట్లాడే గంభీరుడనీ, గయ్యాళి వధువును ఇల్లు చక్కదిద్దగల దక్షురాలనీ ఆయన వర్ణిస్తూ ఉంటే, విన్నవాళ్లకు లోపమే వరంగా తోచేది. "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. నేను వందలోనే ముగించేస్తున్నాను, పుణ్యం నాకే" అని నవ్వేవాడు. ఊరివాళ్లు చాటున ఆయన్ని తేనెబుడ్డి అనేవారు. ఉన్న లోపాన్ని కప్పిపుచ్చడంలో తల నెరిసిన ఆ మనిషి, లేని లోపాన్ని కల్పించింది మాత్రం ఒక్కసారే. అదీ కన్నకూతురు పిచ్చుకకే.

విశ్వవిద్యాలయపు ఆడపిల్లల హాస్టల్లో కూతుర్ని దింపడానికి వచ్చిన రోజది. పిచ్చుకకు మూడో అంతస్తులో, నలుగురుండే గదిలో మంచం కేటాయించారు. పైకి నీళ్లెక్కవు. బకెట్లతో కిందినుంచి మోసుకోవలసిందే. మెట్ల పక్కన నేల అంతస్తులో మాత్రం ఒంటరి గది ఒకటి, పెరటివైపు కిటికీతో, వాకిట్లోనే కొళాయితో, తాళం వేసి ఉంది. తండ్రి చూపు ఆ తాళం మీద పడింది.

"ఆ గది ఎవరిదమ్మా?"

"ఎవరిదీ కాదండీ. ఒంట్లో బాగోని పిల్లలెవరైనా వస్తే ఇద్దామని ఉంచాం" అంది వార్డెన్.

ఆ మాటతో ఆయన ముఖం దీనమైపోయింది. "మీ దగ్గర దాచేదేముంది తల్లీ? మా పిల్లకు ఆయాసం. నాలుగు మెట్లెక్కితే పెదవులు నీలంగా మారిపోతాయి. పైకి చెప్పుకోదు, అభిమానం."

పై గది చూసి రెండేసి మెట్ల చొప్పున దూకుతూ అప్పుడే దిగివచ్చింది పిచ్చుక. ఏదో అనబోయింది. తండ్రి చెయ్యి ఆమె భుజాన్ని నొక్కింది. ఆమె దగ్గింది. అబద్ధమాడింది తండ్రే అయినా, దగ్గింది మాత్రం ఆమే. భగవంతుడి లెక్కలో ఆ రెంటికీ తేడా ఎంతో మనకు తెలియదు.

గేటు దగ్గర అడిగింది: "నాన్నా, అదేం మాట? నిజంగా జబ్బున్న అమ్మాయి వస్తే?"

"వచ్చినప్పుడు చూద్దాం లేవే. మనం ఎవరి నోటికాడి కూడూ లాక్కోలేదు. ఖాళీ పీటమీద కూర్చున్నాం, అంతే. చదువుకోవడానికొచ్చావా, నీళ్లు మొయ్యడానికొచ్చావా?"

మర్నాడే వచ్చింది ఆ అమ్మాయి. బక్కపలచని పిల్ల, పుట్టుకతోనే ఉబ్బసం. వార్డెన్ నొచ్చుకుంది గాని, ఒకే జబ్బుకు ఇద్దరు వస్తే ముందొచ్చినవాళ్లకే గది, అదే న్యాయమంది. మూడో అంతస్తులో పిచ్చుకది కావలసిన మంచం ఆమెకు దక్కింది. పేర్లు పెట్టడంలో పడుచుపిల్లలకు కనికరం తక్కువ. వారం తిరక్కుండానే ఆమెను కొలిమితిత్తి అన్నారు.

మెట్లకూ పిచ్చుక గదికీ మధ్య ఒక్క గోడే అడ్డు. పుస్తకం తెరిస్తే చాలు, గోడ అవతల చెప్పుల చప్పుడు, మలుపులో ఆగిపోవడం, పిల్లంగ్రోవిలోంచి వచ్చినట్లు సన్నని ఈల, మళ్లీ చెప్పులు. చదివిన వాక్యమే మళ్లీ చదివేది పిచ్చుక. వరండాలో తను పరుగెత్తడానికి లేదు. నేర్చుకున్న నడకతో, నిండు చూలాలిలా మెల్లగా నడవాలి.

ఒకనాడు ఆ అమ్మాయే తలుపు తట్టింది. "మీకూ ఇదేనటగా! దుప్పట్లు గదిలో దులపకండేం. దుమ్ము మన శత్రువు. నా దగ్గర పీల్చే మందు రెండోది ఉంది, ఇది ఉంచుకోండి. అవసరమైనప్పుడు వెతుక్కునే వ్యవధి ఉండదు."

వద్దంటే ఎందుకని అడుగుతుంది. పిచ్చుక తీసుకుంది. "మన" అన్న ఆ చిన్న మాట ముల్లులా గుచ్చుకుంది.

ఆ సాయంత్రమే తండ్రికి ఫోన్ చేసింది. "నాన్నా, నిజం చెప్పేస్తాను."

"నీకేమైనా మతిపోయిందా? నా మాట మీద ఎన్ని కాపురాలు నిలబడ్డాయో తెలుసా? తేనెబుడ్డి సొంత కూతురి గురించే బొంకాడని తెలిస్తే, రేపు ప్రతివాడూ తన పెళ్లాన్ని ఎగాదిగా చూస్తాడు. నోరు మూసుకుని చదువుకో."

రేపు చెబుదామనుకుంది. ఆ రేపు వారాలు నడిచింది.

ఒక ఉదయం నీళ్ల బకెట్‌తో రెండో మలుపు దగ్గర కూలబడింది కొలిమితిత్తి. నీళ్లు మెట్లమీదుగా జారి పిచ్చుక గడప దాకా వచ్చాయి. ఆడపిల్లలు ఆమెను చేతులమీద మోసుకుపోతూ ఉంటే పిచ్చుక గుమ్మంలో నిలబడి చూసింది. రెండు రోజులు మథనపడి, చివరికి వార్డెన్ దగ్గరికి వెళ్లింది.

"మేడమ్, నాకే జబ్బూ లేదండీ. ఆ గది ఆమెకివ్వండి."

వార్డెన్ కళ్లు చెమర్చాయి. "మీ నాన్నగారు వెళ్తూ వెళ్తూ ఈ మాటే చెప్పారమ్మా. 'మా పిల్లది దొడ్డమనసు. ఎవరికైనా కష్టమొస్తే జబ్బు లేదని బొంకి గది ఇచ్చేస్తానంటుంది, వినకండి' అని. ఎంత ముందుచూపమ్మా ఆయనది!"

తాళం వేసిన మనిషి తాళంచెవి కూడా పట్టుకుపోయాడు.

"అయితే చూడండి!" అంటూ మెట్లవైపు పరుగుతీసింది. "అయ్యో, వద్దమ్మా, పడిపోతావు!" అని వార్డెన్ వెనకనుంచి కేకలు వేస్తోంది. కోపంతో, ఏడుపుతో, ఎక్కడా ఆగకుండా మూడో అంతస్తుకు చేరింది పిచ్చుక.

గది తలుపు తెరిచి ఉంది. ఆ అమ్మాయి పెట్టెమీద కూర్చుంది. ఆమె అన్న కాబోలు, పరుపు చుట్టి తాడు బిగిస్తున్నాడు. రొప్పుతున్న పిచ్చుకను చూసి గబగబా లేచాడు.

"కూర్చోమ్మా, కూర్చో. నీకూ ఇదేనా? ఈ మేడ కట్టినవాడివి ఇనుప ఊపిరితిత్తులై ఉంటాయి!"

"నాకు... ఆయాసం... లేదండీ. కింది గది నాదే. అబద్ధమాడి తీసుకున్నాం. మీరు వెళ్లకండి. ఆమెను కిందికి తీసుకురండి."

అతను జాలిగా నవ్వాడు. "మాట పెగలట్లేదు, జబ్బు లేదంటావా? నిన్ను పైకి తోసి మా చెల్లిని కింద పెట్టిన పాపం మాకెందుకు తల్లీ?"

చెల్లెలు మాత్రం నవ్వలేదు. పిచ్చుక ఎగశ్వాస దానంతటదే కుదుటపడేదాకా కన్నార్పకుండా చూసింది.

"అది పరుగెత్తిన రొప్పు, అన్నయ్యా. చూడు, అప్పుడే తగ్గిపోయింది." తరవాత పిచ్చుకవైపు తిరిగింది. "నేను మెట్టుమెట్టుకీ ఆగుతూ రోజూ ఎక్కాను. మీరు ఒక్కసారి ఎక్కడానికి ఇన్ని వారాలు పట్టిందేమండీ?"

"ఇప్పుడైనా..." అంది పిచ్చుక.

"చదువు మానేసి పేరు కొట్టించేసుకున్నాను. పై ఏడు మళ్లీ చేరుదువుగానిలే అంటాడు అన్నయ్య. ఆ మాట ఆయనా నమ్మడు, నేనూ నమ్మను."

ఏమీ తోచక పిచ్చుక వంగి, పెట్టె పిడి ఒకటి పట్టుకోబోయింది. ఆ అమ్మాయి మెల్లగా ఆమె చేతిని తప్పించింది.

"మీరు మొయ్యకండి. కింద అందరూ చూస్తారు. మీకు ఆయాసం కదా."

అన్న పెట్టెను భుజానికెత్తుకున్నాడు. గుమ్మం ఇరుకు. వాళ్లు వెళ్లడానికి దారిస్తూ పిచ్చుక గోడకు ఒదిగి నిలబడింది.