పనికిరాదన్న ఫొటో

"ఏమే, టీ అయిందా లేదా? అన్న వచ్చి ఎంతసేపయింది!"

ముందుగదిలోంచి మా ఆయన ఆనందయ్య కేక. నలుగురికీ వినిపించాలని తెచ్చిపెట్టుకున్న గొంతు. అన్న అంటే పార్టీ లీడరు. జమ్మలమడుగులో అందరూ ఆయన్ను అట్లే పిలుస్తారు. పొయ్యి మీద పాలు, పక్కన బల్ల మీద ల్యాప్‌టాప్. రెండింటినీ కనిపెట్టుకుని నిలబడ్డాను.

తెర మీద మా తమ్ముడు జోసఫ్ తీసిన ఆకాశం. ప్రొద్దుటూరులో వాడిది ఫొటో స్టూడియో. పెళ్లిళ్లు లేని రోజుల్లో కెమెరాను గండికోట దారిలో గుట్టెక్కించి, చుక్కల్ని వరసగా తీసేవాడు. "ఒక్క ఫొటోలో చుక్కలు సరిగ్గా రావక్కా. అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చాల" అంటూ ఈ సాఫ్ట్‌వేర్ నాకు వాడే నేర్పాడు. అన్నిట్లో ఉన్నది నిలుస్తుంది. ఏదో ఒక్కదాంట్లో వచ్చిపోయిన వెలుగును అది మరక కింద లెక్కేసి తుడిచేస్తుంది.

ఎండాకాలం మొదట్లో జోసఫ్ పోయాడు. బైకు మీంచి పడ్డాడని స్టేషన్‌లో రాశారు. చర్చిలో అదే చెప్పి ప్రార్థన చేశారు. బడిలో అడిగినవాళ్లకు నేనూ అదే చెప్పాను. సమాధి చేసిన వారానికి మేకలు కాసే ఖాదర్ కెమెరా తెచ్చిచ్చాడు. "గుట్ట మీద రాళ్ల సందున ఉండె టీచరమ్మా."

అందులో వాడు పోయిన రాత్రి ఫొటోలు పేరుస్తుంటే ఒకదాని పక్కన ఎర్రగుర్తు పడింది, పనికిరాదని. ఎందుకో చూద్దామని తెరిచాను. గుట్ట కింద రోడ్డు మీద ఆగిన జీపు. బంపర్ మీద మూడు లైట్లు, నడిమిది వెలగడం లేదు. ఆ వెలుతుర్లో జోసఫ్ బైకు, స్టాండు వేసి నిలబెట్టినట్టే ఉంది. లైట్లు పడితే చుక్కలు చెడతాయని వాడు కిందికి దిగుంటాడు. చీకట్లో ఆగిన జీపు దగ్గరికి మా పక్క ఎవరైనా పోతారా? వాడు పోయుంటాడు. "లైట్లు ఆర్పన్నా" అని అడిగుంటాడు. తర్వాతి ఫొటోల్లో వెలుతురు లేదు. కెమెరా మాత్రం చుక్కల్ని తీస్తూనే ఉంది.

మా ఆయనకు చూపించాను. చాలాసేపు చూశాడు. "లారీదయ్యుంటాది. తీసెయ్. మిగతావన్నీ ఉండాయి గదా." ఆ పూట అన్నం ముట్టలేదు. తెల్లారి పోయి, ఆదివారం జోసఫ్ జ్ఞాపకార్థ కూడికకు అన్నను పిలిచొచ్చాడు. చుక్కల బొమ్మ ఫ్లెక్సు ఆయన చేత తెరిపిస్తే ఎంపీటీసీ టికెట్ ఖాయమంట. మా అత్త యేసమ్మ నా చెయ్యి పట్టుకుని, "చచ్చినోడు తిరిగొస్తాడా? మొగుడు పైకొస్తాంటే అడ్డం పడాకు" అంది.

టీ తీసుకుపోయాను. అన్న గ్లాసు అందుకున్నాడు.

"బొమ్మ అయిందా టీచరమ్మా? మీ తమ్ముడు శానా తెలివైనోడు. పాపం, చీకటి పడినాక తిరక్కూడదు."

మా ఆయన నేలకేసి చూస్తూ, "బయట డ్రైవరుకూ ఒక గ్లాసు ఇయ్యిపో" అన్నాడు.

గేటు ముందు జీపు. బంపర్ మీద మూడు లైట్లు. నడిమిదాని అద్దం పగిలి ఉంది.

"ఏందక్కా, గ్లాసు ఇయ్యకుండా పట్టుకున్యావు?" డ్రైవరు నవ్వాడు. వేలు కాలిందని అప్పుడు తెలిసింది. మా ఆయన ఆ పూట అన్నం ఎందుకు తినలేదో కూడా.

వంటింట్లోకొచ్చాను. వెనకే ఆయన. "ప్రొద్దుటూరులో ఫ్లెక్సులు కొట్టే ఇనాయతుల్లా ఫోన్ మీద ఫోన్ చేస్తాండాడు. బొమ్మ పంపినావా?"

"పంపుతాండా."

ఆయన పోయేదాకా ఆగాను. చేతులు కొంగుకు తుడుచుకున్నాను. ఒక్కొక్క ఫొటో పక్కన టిక్కు తీసేస్తూ వచ్చాను. ఎర్రగుర్తున్నదానికి మాత్రం టిక్కు పెట్టాను. ఒక్క ఫొటోనే అయితే పేర్చే పని లేదు. ఇనాయతుల్లాకు పంపి, కింద రాశాను: "ఇనాయతుల్లా, ఎవరికీ చూపాకు. గుడ్డ కప్పి పంపు."

"ఏమే, అన్న పోతాండాడు. గ్లాసులు తీ!"

పోయి గ్లాసులు తీశాను. అన్న చెప్పులేసుకుంటున్నాడు.

"ఆదివారం తప్పకుండా రాండన్నా" అన్నాను.